సిల్తారా నుంచి వచ్చిన ఇంజన్

“కంచం తీసెయ్యమ్మా. నాకు సయించదు.”

నిన్నంతా దానయ్యది ఇదే మాట, ఇవాళా ఇదే మాట. భ్రమరాంబ మామగారి ముందు నుంచి కంచం తీయలేదు. తీస్తే వంటింట్లోంచి అత్తగారు కేకలేస్తుంది. తీయకపోతే ఈగలు వాలుతున్నాయి. ఈ ఇంట్లో ఈమధ్య ఏం చేసినా ఎవరో ఒకరికి కోపం వస్తోంది. అందుకని ఆమె కొంగుతో ఈగల్ని తోలుతూ అక్కడే చతికిలబడింది.

“రెండు ముద్దలు తినండి మావయ్యా. మీరు తినందే అత్త కూడా తినటం లేదు.”

“మార్కు ఎట్టి నట్టు బిగించని మనిసికి తిండెందుకమ్మా?”

భ్రమరాంబ గబుక్కున వంటింటి వైపు చూసింది. లోపల అన్నమ్మ రోట్లో ఏదో నూరుతోంది, వినపడలేదు.

“మెల్లగా అనండి,” అంది.

“మెల్లగా అంటే అబద్దమైపోద్దా?” అన్నాడు దానయ్య. అని మళ్లీ గోడ వైపు తిరిగాడు.

ఆ ఒక్క మాట ఆయన కోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పెళ్లానికి చెప్పలేదు, పెద్దకొడుకు భీమారావుకి చెప్పలేదు. నమ్మి చెప్పిన మాట గుండెల మీద బండరాయిలా కూచుంటుందని భ్రమరాంబకి ఈ రెండు రోజుల్లో బాగా తెలిసొచ్చింది.

రాయ్‌పూర్ శివారు మోవాలో ఆ ఇంటి పెరట్లో చెక్క స్లీపర్ల మీద ఎత్తి నిలబెట్టిన కారు వంటింటి కిటికీలోంచి కనపడుతుంది. రెండే తలుపుల పొడుగాటి అమెరికా కారు. ఎప్పుడో అరవైల్లో ఎవరో గనుల ఆసామీ మోజుపడి తెప్పించుకున్నది, చేతులు మారి మారి తుప్పుపట్టాక దానయ్య కొడుకుల చేతికొచ్చింది. దాన్ని బాగుచేసి, జనవరిలో పాత రన్‌వే మీద జరిగే కార్ల పందెంలో పరిగెత్తించాలని అన్నదమ్ములిద్దరికీ పిచ్చి. తండ్రికి మాత్రం తక్కువా? రైల్వే డీజిల్ షెడ్డులో ముప్ఫై ఏళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి, రిటైరయ్యాక చేతులు ఊరికే ఉండలేక కొడుకుల కన్నా ముందు ఆయనే కారు కింద దూరేవాడు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ మర్నాడు చిన్నకొడుకు నూకరాజు ఆ కారు వేగం చూడాలని అభన్‌పూర్ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. ఎడమ వెనక చక్రం ఊడి వరిపొలంలోకి దొర్లిపోయింది. కారు కల్వర్టుకు గుద్దుకుంది. ఇంజన్ పగిలిపోయింది. నూకరాజు అక్కడే ప్రాణం వదిలాడు.

“నాన్న రాకముందే తొందరపడి తనే నట్లు బిగించేసుకుని ఉంటాడు, అదీ సరిగ్గా బిగించలేదు,” అన్నారు అందరూ. భీమారావయితే పోయిన తమ్ముణ్ణి తలుచుకుని ఏడుస్తూనే తిట్టేవాడు.

మొన్న దానయ్య కారు దగ్గర కూచుని మిగిలిన మూడు చక్రాలూ చూశాడు. నట్ల మీద ఎర్ర రంగు ఉంది. వేలితో తిప్పితే నట్లు తిరిగిపోయాయి. అదీ సంగతి.

ఆ ఇంట్లో ఎర్ర రంగంటే అదొక శాసనం. షెడ్డులో అలవాటైన పద్ధతి. ఏ నట్టునైనా చివరి బిగింపు బిగించేది దానయ్యే. బిగించాక దాని మీద ఎర్ర రంగు అద్దుతాడు. బ్రష్షు దొరక్కపోతే వేలితోనే అద్దేస్తాడు. ఎరుపు పడ్డ నట్టును ఇంకెవరూ ముట్టుకోకూడదు, మళ్లీ పానా వేయకూడదు. కొడుకులిద్దరూ చిన్నప్పటి నుంచీ ఈ నియమం మీదే పెరిగారు. బిగించకుండానే మార్కు పెట్టేశానని, వయసు మీదపడి బుర్ర పనిచేయలేదని, చేజేతులా కొడుకును చంపుకున్నానని ముసలాయన తీర్మానించుకున్నాడు.

కానీ ఆ ఎరుపు ఆయన పెట్టింది కాదు. ఎవరు పెట్టారో భ్రమరాంబకు తెలుసు.

విశ్వకర్మ పూజ నాడు రాయ్‌పూర్‌లో ఇనుముతో బతికేవాడెవడూ పనిముట్టు ముట్టుకోడు. ముందురోజు సాయంత్రం దానయ్య చక్రాలు ఎక్కించి, నట్లు చేత్తో తిప్పి వదిలేశాడు. అసలు బిగింపు పండగ అయ్యాక అనుకున్నాడు. పూజ నాడు అన్నమ్మ కారుకి బొట్లు పెట్టింది. శ్రీకాకుళంలో అయితే పొడి కుంకుమ పెట్టేది, అది గాలికి రాలిపోయేది. ఈ ఊరొచ్చాక ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లను చూసి ఆవిడ బందన్ పెట్టడం నేర్చుకుంది. నూనెలో కలిపిన సిందూరం అది, అంటుకుంటే వానకి కూడా పోదు. దానయ్య రంగు డబ్బాలో ఉండేదీ అచ్చంగా అదే ఎరుపు. బానెట్టుకీ, దీపాలకీ, నాలుగు చక్రాల్లో నట్టు నట్టుకీ తల్లి, కొడుకు చల్లగా ఉండాలని ఒక్కో బొట్టు పెట్టింది. పళ్లెం పట్టుకుని వెనకాలే తిరిగింది భ్రమరాంబే.

మర్నాడు పొద్దున్నే దానయ్య షెడ్డువాళ్లతో విగ్రహం నిమజ్జనానికి వెళ్లాడు. నూకరాజు టీ తాగి, “నాన్న బిగించీసినాడు వదినా, మార్కుంది,” అని నవ్వి తాళం చెవి పట్టుకుపోయాడు.

ఆ మాటకి అర్థం ఆమెకు మొన్ననే తెలిసింది. చెబితే మామగారు కంచంలో చెయ్యి పెడతాడు. కానీ అత్తగారు? “నా గుంటడి బండికి నా సేత్తో బొట్టెట్టినాను, దేవుడెందుకు సూళ్లేదు?” అని ఇప్పటికీ రోజుకోసారి గుమ్మంలో కూచుని ఏడ్చే మనిషికి ఆ ముక్క ఎలా చెప్పడం? ఒకరిని లేపాలంటే ఇంకొకరిని పడగొట్టాలి. భ్రమరాంబకు ఆ ధైర్యం చాలలేదు. పోనీ ఊరుకుందామంటే ఈ ముసలాయన తిండి మానేశాడు.

వీధిలో టెంపో ఆగింది. “అరే, ధీరే, ధీరే!” అని కూలీలను నెమ్మదిగా దించమంటున్న భీమారావు గొంతు.

సిల్తారాలో ఉక్కు కర్మాగారం యార్డులో పనిచేసే స్నేహితుడు వెంకటరత్నం, భీమారావు కలిసి కూలీలతో ఇంజన్ దింపిస్తున్నారు. కొలిమిలో కరిగించడానికి ఓడల్లో వచ్చే పాత ఇనుములో దొరికిందట. యార్డు మేనేజర్ని అడిగి విడిపించుకొచ్చాడు వెంకటరత్నం. రెండు వరసల్లో నాలుగేసి సిలిండర్లు. నేల మీద పెట్టగానే పెరట్లో గచ్చు అదిరింది.

“చూడు నాన్నా!” అన్నాడు భీమారావు కిటికీలోంచి. రెండు నెలల్లో ఆ మొహంలో వెలుగు చూడటం ఇదే. “బ్లాకులో ఎక్కడా పగులు లేదు. దీన్ని బాగుచేసి ఎక్కించామంటే పందెంలో మన ముందు ఇంకో బండి ఉండదు.”

దానయ్య రానన్నాడు. అన్నాడే గాని చెవులు అటే ఉన్నాయి. కాసేపటికి గోడ పట్టుకుని లేచి పెరట్లోకి నడిచాడు. భ్రమరాంబ వెనకాలే వెళ్లింది.

ముసలాయన ఇంజన్ చుట్టూ ఓసారి తిరిగాడు. వంగి సిలిండర్లోకి వేలు పోనిచ్చి లోపలి గోడ తడిమాడు.

“ఇంజన్ మంచిదే,” అన్నాడు. “మన బండికి కాదు.”

“ఎందుక్కాదు?”

“ఇది పాత ఇంజన్ కన్నా ఎంత బరువో ఎత్తిన కూలీల్ని అడుగు. ముందే గుద్దుకున్న సాసీ, బండికి ఎన్నుపూస లాంటిది. వంగిందాన్ని సాగదీసి అతికినాం. దాని మీద ఇంత బరువు ఎడితే బండి తిన్నగా పోద్దా? బ్రేకులు సూస్తే ఎప్పటివో డ్రమ్ములు. ఇంజన్ ఎంత లాగుద్దని కాదురా, బ్రేకు ఎంత ఆపుద్దని సూడాల.”

“మరి దాన్ని పెట్టమంటావా?” భీమారావు పెరటి మూల వైపు చెయ్యి చూపించాడు. అక్కడ గోనెపట్టా కింద పాత లారీ డీజిల్ ఇంజన్ ఉంది. కిందటి నెల దానయ్యే తెప్పించి పెట్టాడు. “దాన్ని పెడితే పెళ్లివారికి కిరాయికి తిప్పుకోవచ్చు. నూకరాజు దీన్ని టాక్సీ చేద్దామని చచ్చాడా?”

“వాడు సచ్చినాడు కాబట్టే సెప్తన్నాను. డీజిల్ అయితే నెమ్మదిగా పోద్ది. ఎక్కినోడు ఇంటికి తిరిగొస్తాడు.”

“కాకా,” అని మధ్యలో దూరాడు వెంకటరత్నం, “బ్రేకులు మారిస్తే సరిపోతుంది కదా? పెద్ద రేడియేటర్ వేద్దాం. సాసీకి కింద రెండు పట్టీలు కొట్టిద్దాం.”

“కొట్టించండి. నన్ను అడక్కండి.”

భీమారావు తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

“నాన్నా, ఒక్క మాట. నువ్వు దగ్గరుండి బిగించు. ప్రతి నట్టూ నువ్వే చూడు. నీ మార్కు ఉందంటే నేను కళ్లు మూసుకుని కూర్చుంటా. వాడు నీ మార్కు లేకుండా పోయాడు, అందుకే ఇలా అయింది. నీ మార్కు మీద నాకు పూరా భరోసా.”

దానయ్య మొహం చూడలేక భ్రమరాంబ తల తిప్పుకుంది. ఇంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

“నా సెయ్యి దీని మీద పడదు,” అన్నాడాయన చివరికి.

“ఎందుకని?”

దానయ్య నూనె అంటిన వేలు పంచెకి తుడుచుకున్నాడు.

“రెండు రోజుల్నుంచి అన్నం లేదు, మాట లేదు. నేనేం తప్పు చేశానో చెప్పొచ్చుగా? తమ్ముడి పేరు మీద ఒక్క పందెం. ఒక్కటి. ఆ తర్వాత నువ్వే దీన్ని సిల్తారా కొలిమిలో వేయించు, నేను అడగను.”

అప్పుడొచ్చింది అన్నమ్మ, చేతిలో పళ్లెంతో. కొడుకు పోయిన ఇంట్లో పండగలు లేవు, పబ్బాలు లేవు. కానీ కొత్తగా ఇనుము గడప లోపలికొస్తే బొట్టు పెట్టకుండా వదలడం ఆవిడ వల్ల కాదు. కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఇంజన్ ముందు గొంతుక్కూచుంది. వేలు బందన్‌లో ముంచింది.

భ్రమరాంబ వంగి పళ్లెం అంచు పట్టుకుంది. “అత్తా, ఇప్పుడొద్దు. తర్వాత పెడదాం, లోపలికి రండి,” అంది.

“ఏటే నీకు తొందర? ఒగ్గీ.”

ఒక బోల్టు మీద బొట్టు పడింది. పక్కదాని మీద ఇంకోటి. ఆవిడ వరస తప్పకుండా, పిల్లాడి నుదుట దిద్దినంత శ్రద్ధగా ఒక్కో బోల్టుకీ అద్దుకుంటూ పోతోంది.

దానయ్య ఆ వేలినే చూస్తున్నాడు. మొదట ఊరికే చూశాడు. తర్వాత ఆయన మెడ మెల్లగా కారు చక్రాల వైపు తిరిగింది. మళ్లీ ఇంజన్ వైపు. మళ్లీ భార్య వేలి వైపు.

తలెత్తి కోడలి కళ్లలోకి చూశాడు. భ్రమరాంబ చూపు దించేసుకుంది. అంతే, ఆయనకి అర్థమైపోయింది. తనకే కాదు, ఈ పిల్లకీ తెలుసని కూడా అర్థమైంది.

ముసలాయన ఊపిరి పీల్చుకుంటాడని, తన తప్పు లేదని తెలిసి కాస్త నిలదొక్కుకుంటాడని భ్రమరాంబ ఆశపడింది. ఆయన మొహంలో అలాంటిదేమీ కనపడలేదు. ఇంతసేపూ ఒక్క దుఃఖమే, ఇప్పుడు దాని మీద భయం కూడా చేరింది.

“ఆరోజు కూడా ఇలాగే ఎట్టినాను,” అంటోంది అన్నమ్మ బోల్టులతోనే మాట్లాడుతున్నట్టు. “ఒక్కటి ఒగ్గలేదు. సక్రాలకి కూడా ఎట్టినాను, నట్టు నట్టుకీ.”

భీమారావు ఇటు తిరిగాడు. “చక్రాల నట్లకి కూడా పెట్టావా?”

“ఎట్టకేటి మరి?”

“పూజనాడా అమ్మా? నాన్న బిగించకముందా?”

అన్నమ్మ వేలు ఆగింది. కొడుకు ఎందుకు అడుగుతున్నాడో ఆవిడకి తెలియలేదు. భీమారావుకి కూడా ఇంకా పూర్తిగా తెలియలేదు. నుదురు ముడేసి ఏదో అందుకోబోతున్నాడు.

“నానే బిగించలేదు!” అన్నాడు దానయ్య గట్టిగా.

అందరూ ఆయన వైపు తిరిగారు.

“పూజ మర్నాడు పొద్దున్న, నిమజ్జనానికి ఎల్లే ముందు, నానే రంగేసినాను. బిగించలేదు. తొందరలో మర్సిపోనాను. రంగేసి ఎలిపోనాను. మొన్న సూసినాను, మిగతా మూడు సక్రాలూ వొదులుగానే ఉన్నాయి. కావాలంటే తిప్పి సూడు.”

భీమారావు కారు దగ్గరికి వెళ్లి ఒక నట్టు పట్టుకున్నాడు. అది చేత్తోనే తిరిగింది. ఇంకో చక్రం దగ్గరికి వెళ్లాడు. అదీ తిరిగింది. అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయాడు.

“మార్కు పెట్టి బిగించలేదా?” అన్నాడు. “నువ్వు?”

“అవును.”

“రెండు నెలల్నుంచి వాణ్ణి తిడుతున్నాను నేను. చచ్చినవాణ్ణి. తొందర గాడిదా అని, నాన్న మాట వినలేదని. నువ్వు పక్కనే కూచుని వింటున్నావా?”

మొన్నటిదాకా నాకూ తెలియదని దానయ్య చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు.

వెంకటరత్నం మెల్లగా టెంపో వైపు జరిగాడు. పరువు తెలిసిన మనిషి, ఇలాంటి వేళ ఉండకూడదని తెలుసు.

అన్నమ్మ లేచింది. ఈ రెండు నెలలూ ఎవరైనా దానయ్యను ఒక్క మాటంటే మీదపడి కరిచినంత పని చేసింది ఆవిడ. మొగుడు తినలేదని తనూ మాడింది. ఇప్పుడు ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది, దారిన పోయేవాణ్ణి చూసినట్టు.

“నీ సేతులు ఇరిగిపోనూ,” అంది. అరవలేదు. “నా గుంటణ్ణి నువ్వు సంపినావా?”

“అవునే.”

“మా తమ్ముడి ఇంటికి ఎలిపోతాను. నీ మొకం సూస్తూ ఈ ఇంట్లో ఉండలేను.”

“ఎల్లు,” అన్నాడాయన. ఆ గొంతులో ఎంత ప్రేముందో పెరట్లో ఒక్క మనిషికే వినపడింది. భ్రమరాంబకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈయనేం మనిషి? నలభై ఏళ్ల కాపురాన్ని అంత తేలిగ్గా ఒడ్డేశాడు. పోనీలే, పెద్దాయన నిర్ణయం, తను నోరు మూసుకుంటే చాలు, అత్తగారు బతికిపోతుంది అనుకుంది.

భీమారావు లేచి చేతులు దులుపుకున్నాడు.

“బస్. అయిపోయింది. ఇకనుంచి ఈ బండి మీద నీ చెయ్యి పడకూడదు. నీ సలహా కూడా వద్దు. నీ డీజిల్ ఇంజన్ రేపే పట్టుకుపొమ్మంటాను. ఈ పెద్ద ఇంజన్ నేనే ఎక్కిస్తా. నేనే బిగిస్తా. జనవరిలో నేనే తోలతా.”

“బీమా,” అన్నాడు దానయ్య, “నా మీద కోపం ఇంజన్ మీద సూపించకు. సాసీ అంత బరువు మొయ్యదు. కనీసం ఇంకెవర్నయినా పిలిచి…”

“నీ మార్కు నమ్మి ఒకడు పోయాడు.”

ముసలాయన పక్కకి తప్పుకున్నాడు. అంతకు మించి ఏం చెప్పాలన్నా ఇందాకటి మాట వెనక్కి తీసుకోవాలి.

“మీరు బిగించాక ఎవరు చూస్తారండీ?” అని అడిగింది భ్రమరాంబ. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

“ఎవరూ చూడక్కర్లేదు.”

“ఒకరు బిగించింది ఇంకొకరు చూడాలి కదా? మీరే చెప్పేవారు.”

“చూసినవాడు ఏం చూశాడో ఇప్పుడే విన్నావుగా. ఇంక ఎవరి మార్కూ నమ్మను. లోపలికెళ్లు.”

అతను పానాల పెట్టె లాగి ఇంజన్ పక్కన పడేశాడు. కోపం దిగని చేతులతో పానా తీశాడు. ఆ చేతులతోనే వంగిన సాసీ మీద ఆ బరువు ఎక్కిస్తాడు, ఆ చేతులతోనే బ్రేకులు వేస్తాడు, తర్వాత అందులోనే కూచుంటాడు. ఈ ఇంట్లో ఇంజన్ చూడగానే వద్దని చెప్పగలిగిన కళ్లు ఒక్కరివే. ఆ ముసలాయనే ఇందాక, అందరి ముందు, తన కళ్లు తనే పొడుచుకున్నాడు.

మామగారు ఎవర్ని కాపాడుకోవాలో ఆయన చూసుకున్నాడు. తన మొగుణ్ణి ఎవరు కాపాడతారు?

న్యాయం కోసం అనుకుంటే భ్రమరాంబ నోరు తెరిచేది కాదు. అత్త మీద జాలి అంతకన్నా ఎక్కువ. భయం తెరిపించింది.

“మావయ్య అబద్ధం చెబుతున్నారు,” అంది.

పానా భీమారావు చేతిలోనే ఆగింది.

“అమ్మా, వొద్దు,” అన్నాడు దానయ్య. రెండు చేతులూ జోడించాడు. కోడలికి ఆయన దణ్ణం పెట్టడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. “నీకు పుణ్యముంటాది, వొద్దు.”

ఇంటి మెట్ల దాకా వెళ్లిన అన్నమ్మ వెనక్కి తిరిగింది. మొగుడి చేతులు చూసింది, కోడలి మొహం చూసింది. మెల్లగా నడుచుకుంటూ వచ్చి భ్రమరాంబ ఎదురుగా నిలబడింది.

“ఏటా అబద్దం?” అంది. “సెప్పు. నా గుంటడెలగ పోనాడో నీకు తెలుసా?”

భ్రమరాంబ అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది.

“ముందు ఇలా కూచోండి అత్తా,” అంది.